రాయి కరిగిపోయిందని నేనే తేల్చేశాను

2004 మే నెలలో ఒక ఆదివారం, సెలవుకు ఇంటికొచ్చి ఆవకాయ ముక్కలు తుడుస్తున్న మా అమ్మాయి పద్మజ ఉన్నట్టుండి గోడకు జారగిలబడింది. "నడుం పక్కనుంచి పొత్తికడుపులోకి లాగేస్తోందమ్మా" అంది. ముఖమంతా చెమటలు. ధవళేశ్వరం నుంచి ఆటోలో రాజమండ్రి తీసుకెళ్లాను. డాక్టరుగారు అల్ట్రాసౌండ్ చేసి, "లెఫ్ట్ కిడ్నీలో స్టోన్ ఉందండి. యూరాలజిస్టుకు చూపించండి. నెల తర్వాత మళ్లీ స్కాన్ తీద్దాం" అన్నారు.

పద్మజ హైదరాబాదు దగ్గర ఒక గ్లైడింగ్ క్లబ్బులో పైలట్. గ్లైడర్‌కు ఇంజను ఉండదు. ఒక చిన్న విమానం దాన్ని తాడుతో పైకి లాక్కెళ్లాలి. ఆ విమానం నడిపేది మా అమ్మాయి. అందుకు లైసెన్సు ఒక్కటే చాలదు, మెడికల్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. దాని గడువు జూలైలో ముగుస్తోంది. కిడ్నీలో స్టోన్ ఉందంటే అది పోయేదాకా ఎగరనివ్వరు.

నేను యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లలేదు. మా ఇళ్లలో రాయికి వాడే అరటిదూట రసం, ఉలవకట్టు పట్టించాను. మూడు వారాలకు నొప్పి పోయింది.

"మళ్లీ స్కానింగ్ తీయించుకోనా అమ్మా?"

"నొప్పే లేనప్పుడు స్కానింగ్ ఎందుకే? కరిగిపోయింది."

"స్టోన్ ఎప్పుడైనా వచ్చిందా, వైద్యం ఏమైనా చేయించుకున్నావా అని మెడికల్‌లో అడుగుతారు."

"ఒక్క ఇంగ్లీషు మాత్రైనా మింగావా? ఇంట్లో తాగిన ఉలవకట్టు కూడా వైద్యమేనేంటి? లేదని చెప్పు."

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. సరిచూడకుండా జవాబు రాసిన పిల్లలకు సున్నా వేసినదాన్ని. పద్మజ లేదనే చెప్పింది. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఫిట్ అన్నారు.

నవంబరులో క్లబ్బు నుంచి ఫోన్ వచ్చింది. గ్లైడర్‌ను లాక్కెళ్తుండగా గాలిలో నొప్పి మొదలైందట. గ్లైడర్ తాడు విడిపించుకునేదాకా ఓర్చుకుని, వెనక్కి తిప్పి దిగిందట. సీట్లోంచి ఇద్దరు పట్టుకుని దించారట. ఆ రోజే రైలెక్కాను.

"స్టోన్ జారి యురేటర్‌లో, అంటే కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో ఇరుక్కుంది. కిడ్నీ వాచింది. మే నుంచి ఏం చేశారమ్మా?" అన్నారు హైదరాబాదు ఆసుపత్రిలో డాక్టరు.

"నొప్పి తగ్గిందండి" అన్నాను.

"నొప్పి తగ్గడం వేరు, స్టోన్ పోవడం వేరు."

మర్నాడు, ఆ గ్లైడర్‌లో ఉన్న కుర్రాడి తండ్రి బత్తాయిలు పట్టుకుని వార్డుకు వచ్చారు. మా రామచంద్రపురం వైపు మనిషే. "అంత నొప్పిలోనూ మావాణ్ణి కాపాడిందండి. ఎలా పెంచారండీ పిల్లని!" అని నాకు దణ్ణం పెట్టారు.

మంచం మీంచి పద్మజ అంది: "కాపాడలేదండి. స్టోన్ వచ్చిందని తెలిసీ మెడికల్‌లో లేదని చెప్పాను. అసలు నేను ఆ రోజు విమానం ఎక్కాల్సింది కాదు."

నా పేరు ఎత్తలేదు. ఆయన బత్తాయిలు మంచం పక్కన పెట్టి, "తాడు చివర మావాడున్నాడు కదమ్మా" అని వెళ్లిపోయారు. చెప్పించింది నేనేనండీ అని ఆయన్ని వెనక్కి పిలవలేకపోయాను.

యురెటెరోస్కోపీ చేసి, అంటే లోపలికి సన్నటి పరికరం పంపి స్టోన్ తీసి, మూత్రం ఆగకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. ఇంటికొచ్చిన వారానికే చలిజ్వరం. ఇన్‌ఫెక్షన్ అన్నారు, మళ్లీ అడ్మిట్ చేశారు. తర్వాతి స్కాన్‌లో కిడ్నీలో ఇంకో ముక్క కనిపిస్తే లితోట్రిప్సీ చేసి, బయటినుంచే తరంగాలతో పొడి చేశారు. స్కాన్ పూర్తిగా క్లియర్ అని వచ్చేసరికి మార్చి అయింది. ఈలోగా పద్మజ మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసుకు జరిగిందంతా తనే రాసి పంపింది. టెంపరరీ అన్‌ఫిట్ అని జవాబొచ్చింది.

తిరిగి పరీక్షకు వెళ్లినప్పుడు నేనూ వెంట వెళ్లాను. "అబద్ధం చెప్పమన్నది నేనేనండి" అన్నాను డాక్టరుగారితో.

ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "చెప్పమన్నది మీరే కావచ్చమ్మా. సంతకం ఆవిడది కదా."

ఆ వేసవిలో ఫిట్ అన్నారు. ఇప్పుడు పద్మజ మళ్లీ గ్లైడర్లను లాగుతోంది. నీళ్లు బాగా తాగుతుంది, ప్రతి మెడికల్‌కూ ముందు తనంతట తనే స్కాన్ తీయించుకుంటుంది. ఆ తేదీ మాత్రం నాకు ముందుగా చెప్పదు. అయిపోయాక ఫోన్ చేస్తుంది. ఎందుకు చెప్పలేదని నేనూ అడగను.

పిల్లలు ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట. డాక్టరు అడిగిన ప్రశ్నకు ఏం చెప్పాలో మీరు నేర్పకండి. ఇంట్లో మీరేం కాచి పట్టించారో అది కూడా కలిపి, వాళ్లనే చెప్పుకోనివ్వండి.