ఈరమ్మ యాది చేసిన జబ్బు

1964 వానాకాలం మొదట్లో వికారాబాద్ దగ్గరి ఒక సైనిక ఆసుపత్రికి నన్ను మెడికల్ ట్రెయినీగా పంపారు. చైనా యుద్ధం తర్వాత డాక్టర్లు చాలక సైన్యం హడావుడిగా చేర్చుకున్న వాళ్లలో నేనొకణ్ని. హోదా కెప్టెన్. సొంతూరు తాండూరు. పోస్టింగ్ కాగితం చూసి మా యూనిట్‌లో అందరూ ఇంటి గడపలోనే ఉద్యోగం, అదృష్టవంతుడివన్నారు. ఇంటికి దగ్గర ఉద్యోగం అదృష్టమని మొదట ఎవడన్నాడో గానీ, వాడు తన ఊరివాళ్లకు ఏనాడూ వైద్యం చేసి ఉండడు.

జనరల్ మెడిసిన్ అంటే కత్తి పట్టని వైద్యం. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, అంతుపట్టని జ్వరాలు మా వంతు. సైన్యంలో ఈ శాఖలో స్పెషలిస్టు కావాలంటే ముందు ఒక అనుభవజ్ఞుడి కింద వార్డు మోయాలి. పరీక్షలు ఆ తర్వాత. నా పై అధికారి ఒక లెఫ్టినెంట్ కర్నల్. పేరు రాయను, రాస్తే ఆయనకు నచ్చేది కాదు. బెల్గాం వైపు వాడని విన్నాను. ఇంగ్లీషు, హిందుస్తానీ తప్ప ఆయన నోట మరో భాష విన్నది లేదు. నవ్వగా చూసింది అంతకన్నా లేదు.

ఆయన నేర్పిన మొదటి పాఠం కేస్ హిస్టరీ. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, చిన్నతనంలో ఏమేం వచ్చాయి, ఇంట్లో ఎవరికున్నాయి అని రోగిని వరసగా అడిగి రాసుకోవడం. హిస్టరీ రాయకుండా స్టెతస్కోపు తీస్తే వార్డు నుంచి బయటికి నడవమనేవాడు. రోగి మరిచిపోతాడు, తల్లి మరవదు, తల్లి దొరికితే ఆమెనే అడగమనేవాడు. ఆ మాట నాకు తారకమంత్రమైపోయింది.

సైనిక ఆసుపత్రిలో హిస్టరీ తీయడం ఎంత కష్టమో బయటి డాక్టర్లకు తెలియదు. ఆఫీసరు రౌండుకు వస్తే నడవగలిగిన రోగులు నీలం బట్టల్లో మంచం కాళ్ల దగ్గర అటెన్షన్‌లో నిలబడాలి. నడవలేనివాళ్లు పడుకునే అటెన్షన్, చేతులు రెండూ దుప్పటి మీద నిటారుగా చాపి. ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఠీక్ హై సాబ్." ఒళ్లు కాలిపోతున్నా, ప్రాణం పోతున్నా ఠీక్ హై సాబ్. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకో ఇబ్బంది రైలు. ఆసుపత్రి పక్కనే పట్టాలు. తాండూరు నుంచి బండల లోడుతో గూడ్సు వస్తుంటే వార్డు కిటికీలు గజగజలాడేవి. కర్నల్ చెవుల్లోంచి స్టెతస్కోపు తీయకుండా రైలు మొత్తం పోయేదాకా రోగి ఛాతీ మీద వంగి ఉండేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. మా ఊరి బండలు మా చదువుకే అడ్డమని నేను లోపల తిట్టుకునేవాణ్ని.

ఆ వార్డుకే సిపాయి శరణప్ప వచ్చాడు. బషీరాబాద్ అవతల, కన్నడ సరిహద్దు పల్లె అతనిది. సైన్యంలో లారీ డ్రైవరు. దగ్గినప్పుడు కళ్లెలో నెత్తురు చార కనబడితే క్షయ అనుకుని, పొడిగాలి మంచిదని మా దగ్గరికి పంపారు. క్షయ కాదు. అతన్ని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపును చర్మానికి ఆనీ ఆననట్టు పెట్టి, గూడ్సు బండి వెళ్లేదాకా ఆగి విన్నాను. పక్కింట్లో విసుర్రాయి తిరుగుతున్నట్టు సన్నని గరగర. గుండెలో పై గది నుంచి కింది గదికి రక్తం దిగే కవాటం బిగుసుకుపోయినప్పుడు వచ్చే చప్పుడు అది. నేను సొంతంగా పట్టుకున్న మొదటి గుండె జబ్బు. కర్నల్ కూడా విని, తల ఊపి, తర్వాతి మంచానికి వెళ్లిపోయాడు. ఆయన తల ఊపితే మాకు బంగారు పతకం కిందే లెక్క. ఆ పూట నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ.

సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక మధ్యాహ్నం శరణప్ప ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మనిషి లేచి కూర్చుని, నోట గులాబీరంగు నురగ కక్కుతూ, చేతులు మాత్రం అటెన్షన్‌లో పెట్టడానికి ప్రయత్నిస్తున్నాడు. మార్ఫియా ఇచ్చాం, నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చాం, కాళ్లకూ చేతులకూ పట్టీలు బిగించి రక్తం గుండెకు మెల్లగా చేరేలా చేశాం. సాయంత్రానికి గండం గడిచింది. కర్నల్ అతని పేరును ప్రమాదస్థితిలో ఉన్నవాళ్లలో చేర్చాడు. అలా చేరిస్తే ఇంటికి తంతి వెళుతుంది, దగ్గరి బంధువుకు సర్కారు ఖర్చుతో రైలు టికెట్ దొరుకుతుంది.

మర్నాడు పక్కన కూర్చుని తెలుగులో పలకరించాను. అప్పటిదాకా ఠీక్ హై తప్ప మాట లేని మనిషి గలగలా మాట్లాడాడు.

"చిన్నగున్నప్పుడు మోకాళ్లు, మోచేతులు వాచి మంచంల పడ్డ సారూ. ఒకటి తగ్గంగనే ఇంకొకటి వాస్తుండె. జరంతోని ఒళ్లు కాలిపోతుండె."

ఆ కీళ్లజ్వరమే ఏళ్ల తరబడి లోపల గుండె కవాటాన్ని కొరికేస్తుంది. పుస్తకంలో రాసినట్టే ఉంది. నేను కలం తీశాను. శరణప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, గది మాత్రం రాయకుండ్రి. మీ కాళ్లు మొక్కుత. నౌకరి ఎట్లన్న పోతది, ఎరుకే. పింఛనన్న రానీయుండ్రి. ఈ గుండెతోని నేను నాగలి పడుతనా?"

అతని భయానికి కారణం చెప్పాలి. ఇలాంటి జవానును మెడికల్ బోర్డు ముందు పెడతారు. ముగ్గురు డాక్టర్లు కూర్చుని, ఇతను ఇక సైన్యానికి పనికొస్తాడా, రాకపోతే జబ్బు సర్వీసులో వచ్చిందా, ముందే ఉందా అని తేలుస్తారు. చేరేటప్పుడు పరీక్షలో బయటపడలేదు, ముందే ఉన్నట్టు ఇంకే ఆధారమూ లేదంటే సర్వీసులో వచ్చినట్టే లెక్క, జీవితాంతం పింఛను వస్తుంది. చిన్నప్పటిదని తేలితే సంచి సర్దుకుని ఇంటికి పోవడమే. బ్యారక్‌లో ప్రతి జవానుకూ ఈ రూలు కంఠస్థం.

చూద్దాంలే అన్నాను. కలం జేబులో పెట్టుకున్నాను. నా దృష్టిలో అందులో మోసం లేదు. కీళ్లజ్వరం ఏ వయసులో వచ్చినా మందు ఒకటే. ఆ వయసు తెలిస్తే బాగుపడేది రోగి కాదు, ఖజానా.

తల్లి ఈరమ్మ వచ్చింది. తాండూరులో రైలెక్కి, జొన్నరొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. రొట్టెల మీది కారంపొడిలో ఉప్పుందని నర్సింగ్ సిపాయి మూట లోపలికి పోనివ్వలేదు. ఆమె వాడితో జగడమాడుతుంటే నేనే వెళ్లి తీసుకొచ్చాను. కొడుకును చూసి ఏడవలేదు. అరికాళ్లు పట్టుకుని చూసింది, వాపు ఎంత ఉందో నొక్కి చూసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"మావోడు బతుకుతడా సారూ?"

అంతలో కర్నల్ వచ్చాడు. తల్లి దొరికింది కదా, ఆయన అలవాటు ఆయనది. ఇతనికి చిన్నతనంలో పెద్ద జబ్బేమైనా చేసిందేమో అడుగు అని నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ప్రశ్నను నేను ఎంత వంకర తిప్పి ఉండాల్సిందో గానీ, నేర్చిన చదువు చెడ్డది, తిన్నగానే అడిగేశాను.

ఇక ఆమె ఆగలేదు. ఎన్నడు పడుకున్నాడు, ఏ కీలు ముందు వాచింది, మోకాలికి ఏ ఆకు కట్టింది, బడి ఎన్నాళ్లు మానేశాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. నేను కర్నల్ వైపు తిరిగి, మామూలు చిన్నపిల్లల జ్వరాలేనట సర్ అన్నాను.

ఈరమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"నేను గంత పొడుగు చెప్తే నువ్వు గింతే చెప్పినవేంది సారూ? కీళ్లు వాచిన సంగతి చెప్పినవా? గదే అసలు సంగతి."

"చెప్పిన అవ్వా."

"చెప్పలే. చెప్తే ఆయన మొగం మారకపోవునా?"

మంచం మీద శరణప్ప సన్నగా అన్నాడు. "అవ్వా, ఊకో."

"నువ్వే ఊకో. గప్పుడు నువ్వు పోరనివి, నీకేం యాదుంటది?" అని కొడుకును గదిమి, ఆమె నన్ను అడిగింది. "ఈ సారుకు కన్నడం వస్తదా?"

కన్నడం అన్న మాట చెవిన పడగానే కర్నల్ ముందుకు వంగాడు. "హేళవ్వా" అన్నాడు, చెప్పమ్మా అని. బెల్గాం అంటే నేను మరాఠీ అనుకున్నాను. సరిహద్దు పల్లె మనిషి ఈరమ్మకు కన్నడం ఇంటి భాషతో సమానం. మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పింది. కర్నల్ మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడిగాడు, ఇంత మెత్తటి గొంతు ఆయనకుందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె చెప్పడం అయ్యాక, చూశావా అన్నట్టు నావైపు చూసింది. శరణప్ప కళ్లు మూసుకున్నాడు.

కర్నల్ నన్ను తన గదికి పిలిపించాడు. నీకు హిస్టరీ తీయడం నేను నేర్పాను, మింగడం ఎవరు నేర్పారని అడిగాడు. దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. జబ్బు ఏ వయసులో మొదలైనా నెలనెలా పెన్సిలిన్ సూది, గుండెకు డిజిటాలిస్ మాత్రలు, ఉప్పు మానడం, ఇందులో ఏది మారుతుంది సర్ అని ఎదురడిగాను కూడా. కవాటాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ అప్పటికే పెద్ద నగరాల్లో చేస్తున్నారు గానీ, శరణప్ప శరీరం దానికి ఆగదని మేమిద్దరం అనుకున్నదే.

ఏదీ మారదు, నువ్వన్నది నిజమే అన్నాడాయన. కానీ విన్నదాన్ని వినలేదని రాసి సంతకం పెట్టమంటావా అన్నాడు. తల్లి కనబడితే అడగడం నాకు అలవాటైపోయింది అని కూడా అన్నాడు. అది నాకిచ్చిన సంజాయిషీయో, తన మీద తనకున్న విసుగో నేను తేల్చుకోలేకపోయాను.

ఆయన రాశాడు. బోర్డు అదే మాట ఖాయం చేసింది. జబ్బు సర్వీసుకు ముందుది, సర్వీసు దాన్ని పెంచలేదు, పింఛను లేదు. శరణప్పకు ఆ సంగతి చెప్పే పని నాకు పడింది. అతను పడుకునే అటెన్షన్‌లో విన్నాడు.

"ఠీక్ హై సాబ్" అన్నాడు.

నేను తిరిగి వెళుతుంటే మాత్రం తెలుగులో పిలిచాడు. "సారూ, మా అవ్వకు మటుకు చెప్పకుండ్రి. ఆమె మాటతోనే పోయిందని తెలిస్తే ఇగ అన్నం ముట్టది." రూలు అట్లా ఉందని చెప్పుకుంటానన్నాడు. అట్లాగే చెప్పుకున్నాడు.

తాండూరు దవాఖానలో నెలనెలా సూది వేయించుకునేలా చీటీ రాసిచ్చి పంపాం. నేను తర్వాత పరీక్షలు గట్టెక్కి స్పెషలిస్టునై ఎక్కడెక్కడో తిరిగాను.

1967లో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు తాండూరు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, ఈరమ్మ కనబడింది. కందుల కుప్ప దగ్గర తూకం కోసం కూర్చుని ఉంది. యూనిఫాం లేకపోయినా నన్ను గుర్తుపట్టింది. శరణప్ప పోయిన వానాకాలంలో చనిపోయాడని చెప్పింది. చివర్లో సూది కోసం తాండూరు దాకా రాలేకపోయేవాడట, బండి కట్టించే స్తోమత లేకపోయిందట. పింఛను సంగతి ఎత్తలేదు, సర్కారు రూలు అంతేనట అని మాత్రం అంది. నేను బాధపడుతున్నానని ఆమెకు తెలిసింది. నన్నే ఓదార్చింది.

"నువ్వు పరేషాన్ గాకు సారూ. ఆనాడు నువ్వు మరిచిపోయినవు, నేను యాది చేసి చెప్పిన. లేకుంటె పెద్దసారుకు రోగం ఎట్ల దొరుకుతుండె? గంతగనం చెప్పబట్టే మావోడు రెండేండ్లన్న బతికిండు."

అవునవ్వా అన్నాను. ఇంకేమంటాను? తూకం వేసేవాడు పిలిస్తే ఆమె లేచి వెళ్లింది.

ఆ తర్వాత నా కింద చాలామంది కుర్ర డాక్టర్లు పని నేర్చుకున్నారు. అందరికీ హిస్టరీ తీయడం కర్నల్ నేర్పినట్టే నేర్పాను, ఒక్కటి కలిపాను. ప్రశ్న అడిగేముందు, ఆ జవాబు ఎవరెవరి చేతుల్లోకి పోతుందో, దాంతో ఏం నిర్ణయిస్తారో రోగికీ, రోగి తల్లికీ వాళ్ల భాషలో చెప్పాలి. అది విన్నాక కొందరు జవాబు చెప్పరు. అలాంటప్పుడు జబ్బు తేల్చడం డాక్టరుకు కాస్త కష్టమవుతుంది. ఆ కష్టం డాక్టరు పడాలి.