చోప్ చేసిన కుర్చీ

ఆ రోజుల్లో నాలో లేని గుణాలన్నీ ఉన్నాయని చెప్పుకోవడం నాకొక అలవాటుగా ఉండేది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అడిగితే ఎంత ఒత్తిడినైనా నవ్వుతూ తట్టుకుంటానని చెప్పాను. అమ్మ ఫోన్ చేసి అడిగితే రోజూ వేళకు తింటున్నానని చెప్పాను. ఇవన్నీ ఎవరికీ నష్టం లేని కోతలు కాబట్టి వాటిని తలుచుకుని నేనేమీ బాధపడను. కానీ దెయ్యాల సినిమాలంటే నాకు ప్రాణమని బెడోక్‌లో ఒక పెద్దావిడకు చెప్పానే, ఆ కోత మాత్రం ఇప్పటికీ రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడినప్పుడు ఉన్నట్టుండి గుర్తొస్తుంది. చెవులు వేడెక్కిపోతాయి. పక్కవాళ్ళు నాకు జ్వరమేమోనని కాస్త దూరం జరుగుతారు.

సైన్స్ పార్కులో ఉద్యోగం వచ్చి సింగపూరులో దిగిన కొత్తల్లో, బెడోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఒక గది అద్దెకుందని తెలిసి వెళ్ళాను. ఇల్లుగలావిడ మన తెలుగావిడే. ఆవిడ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆవిడ తెలుగులో మూడోవంతు అరవం, పిడికెడు మలయ్ కలిసి ఉండేవి. నన్ను మొదటి మాటలోనే ‘తంబీ’ అంది. నేను ఆంటీ అన్నాను. భర్త (నేను ఎన్నడూ చూడకపోయినా ఆయన అంకులే) పోయి అప్పటికి ఏడాదిన్నర. గదిలో కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, రైలుకు ఐదు నిమిషాల నడక. నేను మనసులో పరుపు కూడా పరిచేసుకున్నాను.

“మిగతా సంగతులు తర్వాత తంబీ. దెయ్యాల సినిమాలు సూస్తావా?” అంది ఆవిడ.

“ప్రాణం ఆంటీ!” అన్నాను. ఆ గది కోసం సర్కస్‌లో పులితో భోంచేస్తావా అని అడిగినా అదే మాట అనేవాణ్ణి. (నిజమేమిటంటే, చిన్నప్పుడు తణుకులో మా బావలు నన్నొక దెయ్యం సినిమాకు తీసుకెళితే, పేర్లు పడుతుండగానే బయటికి వచ్చి ఆట అయ్యేదాకా సైకిల్ స్టాండు తాత పక్కన కూర్చున్నాను. ఆ తాత నాకు శనగలు కూడా పెట్టాడు.)

ఆంటీ ముఖం వెలిగిపోయింది. హాలోవీన్ రోజున ఒక కేబుల్ చానల్‌లో మధ్యాహ్నం రెండింటి నుంచి మొదలుపెట్టి, వరసగా పాత నలుపు తెలుపు భయానక సినిమాలు వేస్తారట. నెత్తురు తాగే దొరలు, కట్లు కట్టుకుని సమాధిలోంచి లేచే శవాలు, పున్నమికి ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచే మనుషులు. మొదట్లో కాసెట్లు తెచ్చుకుని, తర్వాత కేబుల్‌లో, ముప్ఫై ఏళ్ళు అంకుల్, ఆవిడ కలిసి చూశారట. “పండగలా సూసేవాళ్ళం లా,” అంది. (ఈ ఊళ్ళో ఎవరు ఏ భాష మాట్లాడినా చివర ఒక ‘లా’ తగిలిస్తారు.) నేను గొప్ప అభిమానిలా తల ఊపాను. హాలోవీన్‌కు ఇంకా మూడు నెలలుంది కదా, ఈలోగా ఏదో ఒక ఆఫీసు పని తగలకపోతుందా అనుకున్నాను.

ఆ మూడు నెలల్లో ఇంకొకటి జరిగింది. అది చెప్పకపోతే తర్వాత నేను చేసిన వెధవపని మీకు అర్థం కాదు. మా బ్లాకు కింద మైదానంలో చీనావాళ్ళు వాళ్ళ ఏడో నెలలో స్టేజీ కట్టి పాటలు పెట్టారు. వెనక జనం నిలబడి ఉన్నారు, ముందు వరసలో ఎర్ర కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఇంత మంచి కుర్చీలు వదిలేశారేమిటి అనుకుంటూ వెళ్ళి దర్జాగా కాలు మీద కాలేసుకున్నాను. ఒక ముసలి చీనా అంకుల్ పరుగున వచ్చి, “అయ్యో, కెనాట్ సిట్ లా! దట్ వన్ ఫర్ దెమ్!” అని నన్ను లేపాడు. ‘దెమ్’ అంటే ఎవరని అడిగితే, చనిపోయినవాళ్ళని చెప్పాడు. ఆ వరస వాళ్ళకోసం వదిలిపెడతారట. నేను అప్పటికే ఒకరి ఒళ్ళో కూర్చుని లేచానేమోనన్న అనుమానంతో రెండు రోజులు బోర్లా పడుకున్నాను.

హాలోవీన్ శనివారం నాడు వచ్చింది. ఆఫీసు వంక పోయింది. ఒంటిగంటన్నరకు ఆంటీ, “కిందికెళ్ళి కర్రీపఫ్‌లు తెస్తాను. రెండింటికి మొదలు. ఎక్కడికీ పోకు తంబీ,” అని వెళ్ళింది. నేను గుండె చిక్కబట్టుకుని గదిలోంచి హాల్లోకి వచ్చాను.

టీవీ ముందు రెండు ఆసనాలున్నాయి. ఒకటి ఆంటీ రోజూ కూర్చునే ముక్కాలిపీట. రెండోది అంకుల్‌గారి చేతుల పేము కుర్చీ. గోడ వారన ఉండే ఆ కుర్చీలో ఆంటీ ఎన్నడూ కూర్చోలేదు, నన్నూ కూర్చోమనలేదు. దాన్నిప్పుడు సరిగ్గా ఫ్యాను కింద వేసి ఉంచింది. దాని మీద ఒక చిన్న టిష్యూ పొట్లం. పక్కన స్టూలు మీద మూత పెట్టిన కప్పు, అందులోంచి సన్నగా ఆవిరి.

టిష్యూ పొట్లమంటే ఏమిటో ఈ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. తిండి సెంటర్లలో ఏ బల్ల మీద పొట్లం పడితే ఆ బల్ల వాళ్ళది. దాన్ని చోప్ చెయ్యడమంటారు. మిగిలినవాళ్ళు ఆకలితో నిలబడతారు కానీ దాన్ని ముట్టుకోరు. అంటే ఈ కుర్చీని ఆంటీ ఎవరికోసమో చోప్ చేసింది. అంకుల్ కుర్చీ. వేడి వేడి టీ. ముప్ఫై ఏళ్ళు తప్పకుండా చూసిన మనిషి. ఎర్ర కుర్చీల వరస కళ్ళముందు కదిలింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. తెర మీది దెయ్యాలను ఎలాగో ఓర్చుకుందామనుకున్నవాణ్ణి, పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళను ఎలా ఓర్చుకుంటాను?

అప్పుడే ఆ పని చేశాను. టీవీ వెనక సందులోకి చెయ్యి దూర్చి కేబుల్ వైరు పీకేశాను. అదంతట అదే ఊడినట్టు కాస్త వదులుగా వేలాడదీశాను కూడా. నాకు ఇంత నేర్పు ఉందని నాకే తెలియదు. మళ్ళీ గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెరిచి ముఖం గంభీరంగా పెట్టుకున్నాను.

ఆంటీ వచ్చింది. టీవీ పెట్టింది. తెర నల్లగా ఉండిపోయింది. “ఏటయ్యింది దీనికి?” అంది. రిమోటును అరచేతికేసి కొట్టింది. కేబుల్ వాళ్ళకు ఫోన్ చేస్తే సోమవారం వస్తామన్నారు. కాసేపటికి గదిలోంచి తొంగిచూశాను. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని నల్లటి తెరకేసి చూస్తోంది. కర్రీపఫ్‌ల పొట్లం ఒళ్ళో అలాగే ఉంది.

“పోనీలే తంబీ,” అంది నన్ను చూసి. “పోయినేడు ఒక్కదాన్నే సూడలేక టీవీయే పెట్టలేదు. ఈ ఏడు నువ్వున్నావు గదా అని మనసు పడ్డాను. నీకోసం మీ అంకుల్ కుర్చీ తుడిచి, ఫ్యాను కిందేసి, చోప్ చేసి మరీ పెట్టాను. పక్కింటామె వచ్చి కూర్చుంటాదేమోనని. టీ కూడా సల్లారిపోయుంటాది, తాగీ.”

ఆ కుర్చీ నాకోసం. ఆ టీ నాకోసం. నేను నిలబడ్డచోటే కుంచించుకుపోయాను. ఇంతకన్నా నిజంగానే అంకుల్ వచ్చి నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ తెరిచిన నోట్లోంచి, “ఉండండి ఆంటీ, నేనోసారి చూస్తాను,” అన్న మాట వచ్చింది.

వెంటనే వైరు పెట్టేస్తే అనుమానం వస్తుంది కదా! అందుకని స్క్రూడ్రైవరు అడిగి, టీవీ వెనక చతికిలబడి, పావుగంటసేపు అటూ ఇటూ తట్టాను, మూలిగాను, చెమట తుడుచుకున్నాను (చెమట మాత్రం నిజం). చివరికి వైరు నొక్కాను. తెర మీద గబ్బిలాలు ఎగిరాయి. ఆంటీ చంటిపిల్లలా చప్పట్లు కొట్టి, తలుపు తెరిచి కారిడార్‌లో వినబడేలా, “మా తంబీ ఇంజనీరు లా! కేబుల్ వాళ్ళకు కానిది సేసీశాడు!” అంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం అంకుల్ కుర్చీలో కూర్చుని నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాను. ఆ టిష్యూలన్నీ నా నుదుటికే అయిపోయాయి. ఆంటీ నాకేసి తిరగకుండానే, “ఎల్లిపోనాడు, ఇప్పుడు తెరువు,” “మూసుకో, మళ్ళీ వస్తన్నాడు,” అని చెబుతూ పోయింది. దెయ్యాలంటే ప్రాణమన్న మనిషి ఇలా ఎందుకున్నాడని ఒక్క మాటా అడగలేదు. అది మర్యాద అనుకున్నాను. మర్నాటి నుంచి ఆ అంతస్తులోని రైస్ కుక్కర్లు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు ‘ఇంజనీరు తంబీ’ దగ్గరికి రావడం మొదలైంది. వాటిని సంచిలో దాచుకుని రిపేరు షాపుకు మోయడంతో నా ఆదివారాలు గడిచిపోయాయి.

మరుసటి ఏడు హాలోవీన్ ముందురోజు టీవీ వెనకకు చూపు పోయింది. కేబుల్ వైరుకు నల్ల టేపు నాలుగు చుట్లు బిగించి ఉంది. “ఇదేంటి ఆంటీ?” అన్నాను. “ఎలకలు లాగకుండా, తంబీ,” అంది ఆవిడ వత్తులు చేసుకుంటూ. పదకొండో అంతస్తుకు ఎలకలెలా వస్తాయని నేను అడగలేదు.

ఇదంతా జరిగి పదిహేనేళ్ళు. నేను పెళ్ళి చేసుకుని ఈ ఊళ్ళోనే హౌగాంగ్‌లో స్థిరపడ్డాను. అయినా ప్రతి హాలోవీన్‌కీ బెడోక్ వెళతాను. మా అమ్మాయి మాత్రం రాదు. “నాన్నా, యూ స్క్రీమ్ లౌడర్ దాన్ ది గోస్ట్ లా,” అంటుంది. నిరుడు వెళ్ళేసరికి పేము కుర్చీ మీద టిష్యూ పొట్లం ఎప్పట్లాగే ఉంది. కానీ ఆంటీకి ఇప్పుడు చూపు బాగా మందగించింది. తెర మీద వెలుగు నీడలు తప్ప ఏమీ కనిపించవు. “నువ్వు సూసి సెప్పు తంబీ,” అంది. ఇన్నేళ్ళుగా నా కళ్ళకు కాపలా కాసిన మనిషి అడిగితే కాదంటానా? సమాధుల గది వచ్చింది. శవపేటిక వచ్చింది. నాకెందుకో ఇక ఆగలేదు.

“ఆంటీ, ఆ మొదటి ఏడు వైరు పీకింది నేనే.”

“తెలుసు. ఆ రోజే తెలుసు. సందులో నొక్కిపెట్టిన వైరు దానంతటది ఊడతాదా?”

“మరి ఇంజనీరని ఊరంతా ఎందుకు చాటారు?”

“అదే నీకు శిక్ష లా,” అని పకపకా నవ్వింది. “సరే గానీ, పెట్టె మూత తెరుచుకుందా?”

నేను అప్పటికే కళ్ళు మూసుకున్నాను. “ఇంకా లేదు ఆంటీ,” అన్నాను.

“అబద్ధం. ఆ వాయిద్యం నాకు నలభై ఐదేళ్ళుగా తెలుసు,” అంది ఆంటీ, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుని. “నేనున్నాను గదా. కళ్ళు తెరువు తంబీ.”