ఆకలి కాని జీతగాడు

గొర్లకు కొత్త జీతగాన్ని పెట్టుకునే ముందు బీరమ్మ వాడికి జొన్నగట్క పెట్టి, ఎదురుగా గొంగడి మీద కూర్చుని, తినే తీరు చూస్తుంది. నమలకుండా మింగేవాణ్ణి నమ్మదు, మెతుకు వదిలేవాణ్ణి అసలే నమ్మదు. బడికి పోయే మనుమరాలు సైదమ్మ డాల్డా డబ్బాలతో మరమనిషిని చేసి, "పెద్దగైనంక నిజమైంది చేస్త. మన గొర్లను గిదే కాస్తది అవ్వా" అన్నప్పుడు కూడా, ముసలమ్మ దాని చుట్టూ తిరిగి అనుమానంగా చూసింది.

"ఏం తింటది?"

"ఏం తినది."

"ఆకలి కానోడు పనెందుకు చేస్తడే? గొర్లను అమ్ముకొని పోతడు."

సైదమ్మ మరమనిషిని ఎండలోకి జరిపింది. "ఎండ తింటదవ్వా. ఎంత ఎండ కొడితే అంత పని చేస్తది."

బీరమ్మ వాన మొహం చూడని చెలక వైపు చూసింది.

"మనూళ్లె దానికైతే కరువు లేదు. రేపు నా ఎంట తోలియ్యి, ఎట్ల తింటదో చూస్త."