నీలం జట్టుకిచ్చిన మరచెంబు

నా చిన్నప్పుడు ఐస్ హాకీ అనే ఆట ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. మా నాన్నమ్మవాళ్ళు ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ ఈ ఊళ్ళో, తంజోంగ్ పగార్ అనే పేటలో, ఓడరేవులో పనిచేసేవాళ్ళకిచ్చిన ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఏడాది పొడుగునా చెమటలు కక్కే ఊరు ఇది. మంచు అంటే మాకు చేపల బజారులో బుట్టల మీద పరిచేది, లేకపోతే బండివాడు తురిమి, ఉండ చుట్టి, ఎర్రని పాకం పోసి ఇచ్చేది. అలాంటి చోట మా మేనత్త చిన్నపిల్లలకి ఐస్ హాకీ లీగ్ నడిపింది. ఈ మాట చెబితే మా మనవరాలు నవ్వుతుంది. ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు.

మా అత్త ఒక ఓడల కంపెనీలో టైపిస్టు. వాళ్ళ దొరగారి భార్య ఏదో చలిదేశం నుంచి వచ్చిన మనిషి. ఈ ఎండలో తన పిల్లలు మంచును మరిచిపోతారని బెంగపెట్టుకుని, ఊళ్ళో మంచు గచ్చు పరిచి జనాన్ని స్కేట్ల మీద జారనిచ్చే చిన్న రింక్ వాళ్ళతో మాట్లాడి, ఆదివారం పొద్దున జనానికి తలుపులు తెరిచేముందు ఒక గంట అడిగి పుచ్చుకుంది. ఎరుపు, నీలం, పచ్చ అని మూడు జట్లు పెట్టింది. తన పిల్లలు, ఆఫీసు వాళ్ళ పిల్లలు, వాళ్ళకి తెలిసినవాళ్ళ పిల్లలు. జట్టు నిండక మా అత్తని అడిగితే, ఆవిడ నన్ను తీసుకెళ్ళి ఎర్ర జట్టులో పడేసింది. నేను చేసిన ఘనకార్యమల్లా ఆ రోజు ఇంట్లో ఖాళీగా కనబడడమే.

ఇలాంటి లీగ్‌లు ఈ ఊళ్ళో ఎలా పుడతాయో ఎలా పోతాయో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఎవరో ఒకరు ఇష్టంతో మొదలుపెడతారు. ఆవిడ భర్తకి బదిలీ అవుతుంది. అంతే. దొరసాని వెళ్ళిపోతూ, గెలిచిన జట్టుకిచ్చే తన వెండి కప్పు తాను పట్టుకుపోయింది. ఈల ఒకటి, కర్రలున్న గోనెసంచీ ఒకటి మా అత్త చేతిలో పెట్టి, ఇంకెవరైనా దొరికేదాకా కాస్త చూస్తూ ఉండమంది. ఇంకెవరూ దొరకలేదు. మా అత్త ఒక్కసారి కూడా స్కేట్లు తొడిగి ఎరగదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మా నాన్న పాత కోటు మీద వేసుకుని, రబ్బరు బూట్లతో ఆ మంచు మీద జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ ఈల ఊదేది. పిల్లలు నవ్వితే తానూ నవ్వేది.

మా సరంజామా చూస్తే ఎవరికైనా జాలివేస్తుంది. స్కేట్లు పెద్దవాళ్ళవి. ముందు వైపు కాగితాలు కుక్కుకునేవాళ్ళం. దెబ్బలు తగలకుండా మేజోళ్ళలో పాత పత్రికలు దోపుకునేవాళ్ళం. బయట ఉక్కకి మంచు సరిగ్గా గట్టిపడేది కాదు, మూలల్లో నీళ్ళు నిలిచేవి. పడ్డామంటే ఒళ్ళంతా తడే. అయినా ఆ నల్ల రబ్బరు బిళ్ళ వెనకాల పరిగెడుతుంటే నాకు లోకం పట్టేది కాదు. వారమంతా ఆ ఒక్క గంట కోసమే బతికేదాన్ని. మా అత్త మాత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎక్కగానే నిద్రపోయేది. వారంలో ఆరు రోజులూ టైపు కొట్టి, మిగిలిన ఆ ఒక్క రోజూ మాకిచ్చేసేది కదా. తల కిటికీకి కొట్టుకుంటున్నా లేచేది కాదు.

మొదట పచ్చ జట్టు పోయింది. కుటుంబాలన్నీ ఒకటొకటిగా వాళ్ళ దేశాలకి వెళ్ళిపోయాయి. ఎరుపు, నీలం మిగిలాయి. రింక్ మేనేజరు చెడ్డవాడేం కాదు గానీ, ఆయన లెక్క ఆయనకుంది. రెండు జట్లుండి ఆట జరిగినన్నాళ్ళే ఆ గంట మాది, లేకపోతే ఆ వేళకి కూడా జనాన్ని వదిలేస్తానని మా అత్తతో మొహం మీదే చెప్పేశాడు.

ఆ ఆదివారం మేము ఎర్ర చొక్కాలు తొడుక్కుని నిలబడితే, నీలం జట్టు సగం కూడా రాలేదు. ఆ జట్టును చూసుకునేది ఒక చైనీస్ ఆంటీ. సన్నటి మనిషి, ఎప్పుడూ చంకలో ఒక పిల్లాడు. ఆవిడ వచ్చి, పరీక్షలని కొందరు, జ్వరాలని కొందరు, అసలు ఇక పంపేది లేదని కొందరు మానేశారనీ, తనవల్ల కూడా కాదనీ, ఇదే ఆఖరి ఆదివారమనీ మా అత్తతో చెప్పింది. గొంతులో కోపం లేదు, ఉత్త అలసట. మేము పక్కనే ఉండి విన్నాం. మాకు అర్థమైంది ఒక్కటే. ఎదుటి జట్టు చాలకపోతే ఆడకుండానే గెలిచినట్టని దొరసాని పెట్టిన నియమం ఉంది. అంటే మేము గెలిచేశాం! అందరం కర్రలు పైకెత్తి గోల చేశాం. మా అత్త ఒక్కసారి మావైపు చూసింది. తిట్టలేదు. నా దగ్గరికి వచ్చి, "ఆ ఎర్ర చొక్కా ఇప్పీ, నీలం తొడుక్కో," అంది.

మా జట్టులో అందరికంటే జోరుగా పరిగెత్తేది నేనే. నాతోపాటు ఇంకో ఇద్దరిని కూడా అటు తోసింది. ఎదుటివాళ్ళు చాలకపోతే ఆట సరిగ్గా రానివాళ్ళని అరువిస్తారని తెలుసు గానీ, ఏరి ఏరి గట్టివాళ్ళని ఇచ్చే మనిషిని అప్పుడే చూశాను. నేను ఏడుపు మొహంతో నీలం చొక్కా తొడుక్కుని, ఆడకుండా ఊరికే తిరుగుదామనుకున్నాను. కానీ బిళ్ళ కాళ్ళ దగ్గరికొస్తే ఊరుకోవడం నాకు చేతనవుతుందా? కాసేపటికి ఏ రంగు తొడుక్కున్నానో మరిచిపోయాను. ఆఖరి గోల్ కొట్టి, ఎగిరి గంతేసి, అప్పుడు చూసుకుంటే అది మా ఎర్ర జట్టు మీదే కొట్టానని గుర్తొచ్చింది. నీలం గెలిచింది.

ఇక్కడివరకైతే ఓర్చుకునేదాన్ని. మా అత్త వారం వారం మాకు తాగడానికి నీళ్ళు ఒక ఇత్తడి మరచెంబులో తెచ్చేది. మర తిప్పితే బిగుసుకునే మూత, పట్టుకోవడానికి పిడి. అది మా నాన్నమ్మది. పెళ్ళైన కొత్తలో ఓడెక్కి వచ్చినప్పుడు చేతిలో పట్టుకుని దిగినదట. ఇంట్లో ఎవరు ముట్టుకోవాలన్నా ఆవిడ్ని అడగాలి. మా అత్త ఆ చెంబులో మిగిలిన నీళ్ళు పారబోసి, కొంగుతో తుడిచి, గెలిచినవాళ్ళకిచ్చే కప్పు ఇదే అని చెప్పి, చైనీస్ ఆంటీ చేతిలో పెట్టింది. గెలిచినవాళ్ళు వారం పాటు ఇంట్లో ఉంచుకుని వచ్చే ఆదివారం తెచ్చివ్వాలంది. ఆవిడ వద్దనలేక చంకలో పిల్లాడితో పాటు చెంబును కూడా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బస్సులో నేను మా అత్త పక్కన కూర్చోలేదు. ఆవిడ అది గమనించే స్థితిలో లేదు. నోరు తెరిచి నిద్రపోయింది. మా గెలుపు పోయింది, గోల్ కొట్టింది నేనైనా ఆ గెలుపు నాది కాదు, పైగా మా ఇంటి చెంబు ఊరు పేరు తెలియనివాళ్ళ ఇంటికి పోయింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా పౌరుషం అడ్డొచ్చింది.

ఇంట్లో నాన్నమ్మ ఊరుకుంటుందా? "ఏటే, చెంబు లేకుండా వచ్చీసినారు? ఎవరికిచ్చీసినావు?" అని మొదలుపెట్టింది. మా అత్త కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని, కళ్ళు కూడా తెరవకుండా చెప్పింది. "ఆళ్ళు ఇంక రామంటన్నారమ్మా. బతిమాలితే మొహమాటానికి సరేనంటారు, తరవాత మానీస్తారు. మన గిన్నె ఆళ్ళింట్లో ఉంటే ఏటి చేస్తారు? తెచ్చియ్యడానికైనా రావాలి కదా."

వాళ్ళు తెచ్చివ్వకపోతే ఏమిటని నాన్నమ్మ అడిగింది. మా అత్త అటు తిరిగి పడుకుంది. ఆ వారమంతా ఆవిడ మామూలుగానే ఆఫీసుకి వెళ్ళివచ్చింది గానీ, అన్నం సరిగ్గా తినలేదు. నేను కోపం మానుకోలేదు. కాకపోతే చెంబు పోతుందన్న భయం కంటే ఆదివారం పోతుందన్న భయం పెద్దదని మెల్లిగా తెలిసొచ్చింది. నీలం జట్టు లేకపోతే నేను ఎంత జోరుగా పరిగెత్తినా ఎవరికీ పనిలేదు. వాళ్ళని ఓడించడానికి కూడా వాళ్ళు ఉండాలి. ఇంత చిన్న విషయం నాకు తట్టడానికి వారం పట్టింది.

తరవాతి ఆదివారం మేము ముందే వెళ్ళి కూర్చున్నాం. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. మా అత్త ఈల తాడును వేలికి చుడుతూ విప్పుతూ గుమ్మంవైపే చూస్తోంది. చివరికి చైనీస్ ఆంటీ వచ్చింది. చంకలో పిల్లాడు, చేతిలో మరచెంబు, వెనకాల నీలం జట్టు. ఎక్కడినుంచి పట్టుకొచ్చిందో, అక్కచెల్లెళ్ళ పిల్లలట, స్కేట్ల మీద నిలబడడం కూడా రానివాళ్ళు కొందరు. చెంబు బరువుగా ఉంది. మూత తిప్పితే నిండా చల్లని బార్లీ నీళ్ళు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆవిడకెవరు చెప్పారో, వాళ్ళ ఇళ్ళలోనూ మనలాగే అనుకుంటారో. ఎరుపూ నీలమూ అందరం వంతులవారీగా ఎత్తిపోసుకుని తాగాం. వారమంతా ఆ చెంబు వంటింట్లోంచి తనవైపే చూస్తూ కూర్చుందనీ, ఇంట్లో ఉండిపోదామనుకున్నా ఉండనివ్వలేదనీ ఆవిడ మా అత్తతో అంది. ఇద్దరూ నవ్వారు. మా అత్త నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా కోపం అక్కడితో పోయింది.

ఆ తరవాత అది ఆనవాయితీ అయింది. గెలిచినవాళ్ళకి చప్పట్లు దక్కేవి. చెంబు మాత్రం, వచ్చే వారం వస్తారో రారో అని మా అత్తకి ఎవరి మీద అనుమానం కలిగితే వాళ్ళింటికి వెళ్ళేది. అలా మా లీగ్ కొన్నేళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది. తరవాత రింకే మూతపడింది. దానికి ఏ చెంబూ పనికిరాలేదు. ఆ ఆట ఎక్కడా రాసిపెట్టి లేదు, ఎవరికీ గుర్తు లేదు. మా అత్త ముసలితనంలో ఒకసారి అడిగాను, అన్నేళ్ళు ఎలా చేశావు, అలిసిపోలేదా అని. "అలిసిపోలేదని నీకెవరు చెప్పినారే?" అంది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో, సెంగ్‌కాంగ్ అనే పేటలో కూతురి దగ్గరుంటున్నాను. మనవరాలు ఐస్ హాకీ ఆడతానంది. రక్తంలో ఉందనుకుని మురిసిపోయాను, అదే నా కొంప ముంచింది. తల్లిదండ్రులకి తీరిక లేదని రైళ్ళు మారి నేనే తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఆంటీ, మీరు ఖాళీయే కదా అని ఒకరు చొక్కాల సంచీ అప్పగించారు, ఇంకొకరు వాట్సాప్ గ్రూపు అప్పగించారు. ఇదీ చిన్న లీగే. ఎవరి అండా లేదు, పిల్లలూ అంతంతమాత్రం, రెండు జట్లకి ఎప్పుడూ ముక్కీ మూలిగీ సరిపోతారు. నా మోకాళ్ళు ఆ చలికి కదలవు. పిల్లలు రాకపోతే ఫోన్లు, వస్తే స్కేట్ల తాళ్ళు బిగించడం. నిజం చెప్పాలంటే విసిగిపోయాను. పోయిన ఆదివారం, ఇక నావల్ల కాదు, మరొకరిని చూసుకోండని చెప్పేద్దామని తయారై వెళ్ళాను.

నేను నోరు తెరిచేలోపే ఎదుటి జట్టును చూసుకునే అబ్బాయి నా పక్కనొచ్చి కూలబడ్డాడు. తెలంగాణ నుంచి వచ్చినవాడు, బ్యాంకులో కంప్యూటర్ల పని, ఊరికి ఆ చివర చోవా చూ కాంగ్‌లో ఇల్లు. కళ్ళ కింద చారలు. "ఆంటీ, ఇగ మాతోని కాదు. సండే కూడా కాల్స్ పెడుతున్నరు. పిల్లలకు ట్యూషన్లు. నెక్స్ట్ వీక్ నుంచి మా టీం రాదు, ఏమనుకోకండి," అన్నాడు.

నేను చెప్పాలనుకున్నది అతనే చెప్పేశాడు. ఏమనుకోను? తలూపి ఊరుకున్నాను. కానీ చెయ్యి ఊరుకోలేదు. నాన్నమ్మ మరచెంబు ఇప్పుడు నా దగ్గరే ఉంది, మనవరాలు ఎంత సిగ్గుపడినా రింక్‌కి నీళ్ళు దాన్లోనే తీసుకెళతాను. అది సంచీలోంచి తీసి అతని ఒళ్ళో పెట్టాను. "ఇదేంది ఆంటీ?" అన్నాడు బిత్తరపోయి. మా నాన్నమ్మది నాయనా, వచ్చే ఆదివారం మర్చిపోకుండా తెచ్చివ్వు అన్నాను. అతను దానివైపూ నావైపూ చూసి, రెండు చేతులతో పట్టుకుని లేచాడు.

రైల్లో మనవరాలు మొహం ముడుచుకుని కూర్చుంది. "అమ్మమ్మా, దట్స్ అవర్స్ లా! వై గివ్ హిమ్? ఇఫ్ హి డోంట్ కమ్ బ్యాక్ హౌ?" అంది. అతను తిరిగి రాకపోతే ఎలా అని, ఈ ఊరి పిల్లల ఇంగ్లీషులో. అచ్చం ఆనాటి నాన్నమ్మ ప్రశ్నే. కళ్ళు మూతలు పడుతున్నాయి, తల కిటికీకి ఆనించాను.

వంటింటి అరలో చెంబు ఉండే చోటు వారం నుంచి ఖాళీగా ఉంది. కాఫీ పెట్టుకున్నప్పుడల్లా కన్ను అటే పోతోంది. అతను వస్తాడో రాడో తెలియదు. కానీ ఇన్నేళ్ళూ నేను మోస్తూ వచ్చిన పాఠంలో మిగతా సగం ఇప్పుడే అర్థమవుతోంది. చైనీస్ ఆంటీ తెచ్చివ్వడానికి రావాలని మా అత్త ఆ చెంబు ఇచ్చిందనే నేననుకున్నాను. చెంబు ఇచ్చిన ఆ ఆదివారం మా అత్త కూడా మానేద్దామనే బయలుదేరిందేమో. రేపు ఆదివారం. మోకాళ్ళ నొప్పులు. అయినా నాన్నమ్మ చెంబు తెచ్చుకోవడానికైనా నేను వెళ్ళాలి కదా.