మోరి గారి రక్తం గురించి నేను చెప్పనిది

ఏడేళ్ళుగా ఒక మనిషిని మోస్తున్నాను. సన్నటి మనిషే. అయినా దిగడు. మా ఇంట్లోవాళ్ళకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తడ దగ్గర ఒక జపాన్ కంపెనీలో నేను దుబాసీని. మోరి గారు మా మేనేజరు. యాభై దాటినా వెదురుబద్దలా ఉండేవారు. వాళ్ళ దేశంలో ఏటా ఉద్యోగుల నడుము కొలుస్తారట. ఆ ఆచారం ఇక్కడికీ తెచ్చి, క్యాంటీన్‌లో అందరి ముందూ మొదట నా నడుముకే టేపు చుట్టారు. టేపు కాస్త ఇబ్బంది పడింది.

"ఎన్నో నెలప్పా?" అన్నాడు ఫిట్టరు.

క్యాంటీనంతా గొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారని మోరి గారు నన్నే అడిగారు. అనువదించాను. అదే కదా నా ఉద్యోగం. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఆ నెలలోనే రక్తపరీక్షలు జరిగాయి. నా రక్తం శుభ్రంగా ఉంది. ఆయనది లేదు. కంపెనీకి వచ్చే డాక్టరమ్మది చిత్తూరు. రిపోర్టు ముందు పెట్టుకుని నాతో తెలుగులో చెప్పింది.

"సూడప్పా, సన్నంగా ఉండాడని నమ్మేదానికి లేదు. ఒంట్లో వాపుంటే పెరిగే సీఆర్పీ రెండోసారి చేయించినా ఎక్కువే వచ్చింది. జ్వరం లేదు, పుండూ లేదు. చక్కెర, కొవ్వు కూడా పైనే ఉండాయి. ఇట్లే వదిలేస్తే గుండెకో మెదడుకో దెబ్బే. సిగరెట్ జోలికి పోవద్దను. ఈ వారంలోనే తిరుపతిలో పెద్ద డాక్టరుకు సూపియ్యమను."

మోరి గారు నావైపు తిరిగారు.

"అంతా బాగుందట" అన్నాను జపనీస్‌లో.

రిపోర్టులో పైకి చూపే బాణం గుర్తుల మీద ఆయన వేలు పెట్టారు.

"ఈ ఎండలకు కొత్తగా వచ్చినవాళ్ళకు అలాగే ఉంటుందట."

"ఆవిడ చాలాసేపు మాట్లాడారే?"

"తెలుగు పొడుగు భాష సార్."

ఆయన డాక్టరమ్మకు వంగి నమస్కరించారు. బయటికి వచ్చాక, ఆ సంతోషంలో, ఎప్పుడో మానేసిన సిగరెట్టు మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు. అగ్గిపుల్ల నేనే గీశాను.

చంపాలనుకున్నానా? లేదు. అంత శ్రద్ధ నాకు దేనిమీదా లేదు. ఒక్క పూట ఆయన నా చేతిలో వెర్రివాడు కావాలనుకున్నాను, అంతే. మర్నాడు చెబుదామనుకున్నాను. చెప్పాలంటే ముందు అబద్ధమాడానని చెప్పాలి, అది చెబితే ఉద్యోగం పోతుంది అనుకుంటూ, రోజూ నా ముందు నిటారుగా నడిచిపోయే ఆయన్ని చూసి, ఈయనకేం రోగం, డాక్టరమ్మే అనవసరంగా భయపెట్టి ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నన్ను నమ్మించడం కష్టం కాలేదు.

ఐదో నెలలో ఆయన మెషీన్ల మధ్య కుప్పకూలారు. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. తిరుపతి ఆసుపత్రికి జపాన్ నుంచి ఆయన భార్య వచ్చింది. ఆమెకూ నేనే దుబాసీ.

ముందు పరీక్షల్లో ఎవరూ చెప్పలేదా అని అక్కడి డాక్టరు అడిగాడు. ఒక్క అక్షరం మార్చకుండా ఆమెకు చెప్పాను. డాక్టరు ఏమీ లేదన్నారని ఆయన ఫోన్‌లో ఎంతో సంతోషపడ్డారని ఆమె అంది. అదీ మార్చకుండా తెలుగులో చెప్పాను. నా పని ఎప్పుడూ అంత బాగా చేయలేదు. మంచం మీద నుంచి మోరి గారు నన్నే చూస్తున్నారు. ఆయనకు తెలిసిందా? తెలిసినా చెప్పలేరు. ఆ ఆలోచనకు నాకు కలిగింది భయం కాదు, నిశ్చింత. దాన్నే మీకు అన్నిటికంటే కష్టంగా చెబుతున్నాను.

తర్వాత కంపెనీ విచారణలో తాను చెప్పానని డాక్టరమ్మ అంటే, నాకు గుర్తులేదన్నాను. ఆమెను మార్చేశారు.

మీరు క్షమించక్కర్లేదు. క్షమించడానికి మీరెవరు? రాశాక మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. ఆ సుఖం కూడా నాకు రావలసింది కాదు.