పళ్ళెం పెంకూ, బట్టల బుట్టా

మా ఇంట్లో పాత టూత్‌బ్రష్షులు పారేయరు. పళ్ళకి పనికిరానిది దువ్వెనలకి పనికొస్తుంది, దువ్వెనలకి పనికిరానిది పొయ్యి సందుల్లో దూరుతుంది. అందుకని మనవరాలి బడి నుంచి “ఇంట్లో పాత బ్రష్షులుంటే పంపండి, వీలైతే మీరూ రండి” అని కబురొచ్చినప్పుడు మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. నేను సింకు కింద నుంచి సంచీ తీశాను. బడి మొత్తానికీ సరిపోయేటట్టున్నాయి.

ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్ల వెనకే ఆ బడి. ఇవేవీ రాకముందు అదంతా పొలమట. ఆటస్థలం పెద్దది చేద్దామని వెనక నేల తవ్వితే ఎప్పటిదో రైతు ఇంటి పునాది రాళ్ళు బయటపడ్డాయి. పాత సంగతులు పరిశోధించే కాలేజీ వాళ్ళు వచ్చి, పిల్లల చేతికి చిన్న చిన్న తాపీలిచ్చి మెల్లగా తవ్వించారు. దొరికినవన్నీ మట్టి ముద్దలే. వాటిని కడగడానికి మనుషులు కావాలి, ఊళ్ళో ఎవరైనా రావచ్చు, చదువుతో పని లేదు అన్నారు. ఐదో తరగతితో పలక కింద పెట్టినదాన్ని. అమెరికా బడి నన్ను రమ్మంటే వెళ్ళకుండా ఉంటానా?

శనివారం పొద్దున్నే వెళ్ళాం. పెద్ద హాల్లో బల్లల మీద నీళ్ళ టబ్బులు పెట్టారు. నేను బ్రష్షులతో పాటు స్టీలు పీచు, కాస్త చింతపండు కూడా పట్టుకెళ్ళాను. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి చేతులడ్డం పెట్టింది. “నో, నో! ఓన్లీ వాటర్!”

“అమ్మమ్మా, గట్టిగా తోమకూడదు,” అంది మనవరాలు. “తోమితే హిస్టరీ పోతుంది.”

“పోతే పోయింది. మట్టీ పోతుందిగా?”

“అమ్మమ్మా, ప్లీజ్! నా ఫ్రెండ్స్ ఉన్నారు.”

పిల్ల అసలే కోపం మీదుంది. అంతకు ముందు వారమే తరగతిలో, పైపైన మట్టి దులిపి, ఒక్కొక్కరికీ చీటీ తీసి ఒక్కో వస్తువు ఇచ్చారు. వచ్చే శనివారం ఊరివాళ్ళంతా చూడటానికి వస్తారు. ఎవరి వస్తువు పక్కన వాళ్ళు నిలబడి దాని కథ చెప్పాలి. ఒకడికి గుర్రపు నాడా వచ్చింది. దీని స్నేహితురాలికి నీలం పూల కప్పు పిడి వచ్చింది. దీనికేమో అరచేతంత తెల్ల పళ్ళెం పెంకు. పువ్వు లేదు, గీత లేదు.

“ఏం చెప్పాలి నేను? ఇది వైట్, ఇది ప్లేట్, థాంక్యూ?” అని వారమంతా ఒకటే గొడవ. ఆ రోజుకి తనకి జ్వరం వస్తుందని ముందే చెప్పేసింది. “రానీ, మిరియాల కషాయం కాచి పెడతాను,” అన్నాను.

నా మీద దానికి ఇంకో కోపం కూడా ఉంది. చలికాలంలో మా బట్టల బుట్ట నిలువునా పగిలింది. ప్లాస్టిక్‌దే, కానీ పిడులు బంగారంలా ఉన్నాయి. మా అమ్మాయి కొత్తది ఆర్డర్ చేస్తానంది. నేను ఒప్పుకుంటానా? మేకు ఎర్రగా కాల్చి, చీలికకి అటూ ఇటూ చిల్లులు పొడిచి, తీగతో బిగించి కుట్టాను. ఆ పొగకి స్మోక్ అలారం మోగి బిల్డింగంతా బయటికొచ్చిన మాట నిజమే. బుట్ట మాత్రం గట్టిగా నిలిచింది. అప్పటి నుంచి నేను ఆ బుట్టతో కింద లాండ్రీ రూముకి బయల్దేరితే పిల్ల నాతో కలిసి మెట్లు దిగదు. “నువ్వు వెళ్ళు, నేను లేటర్ వస్తా,” అంటుంది.

ఇక హాల్లో సంగతి. నేను ఏవో గాజు ముక్కలు కడుగుతున్నాను. పిల్ల మూతి ముడుచుకుని తన పెంకుని తనే రుద్దుకుంటోంది. అంచున ఉన్న మట్టి బెడ్డ ఊడి నీళ్ళలో పడింది. దాని కింద గుండ్రంగా, శెనగ గింజ పట్టేంత చిల్లు.

పిల్ల దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ఉన్నట్టుండి హాలు దద్దరిల్లేలా అరిచింది. “అమ్మమ్మా! మన లాండ్రీ బాస్కెట్!”

అందరూ ఇటు తిరిగారు. టీచరమ్మ వచ్చి భూతద్దంతో చూసింది. చిల్లు చుట్టూ తుప్పు మరక ఉందంది. ఎవరో పగిలిన పళ్ళేన్ని తీగతో అతికించి ఉండవచ్చట. గోడకి తగిలించుకోవడానికి పెట్టిన చిల్లయినా కావచ్చట. అతుకే అయితే పక్క ముక్కకి కూడా చిల్లుండాలి. ఆ ముక్క దొరికితేనే గట్టిగా చెప్పగలం, మధ్యాహ్నానికి మిగిలిన మట్టంతా కాలేజీకి వెళ్ళిపోతుంది అంది.

అప్పుడు చూడాలి ఆ పిల్లని. మట్టి అంటితే వేళ్ళు విదిలించుకునేది, మోచేతుల దాకా ముంచేసింది. పొద్దుటి నుంచీ అందరూ పువ్వుల ముక్కల కోసం ఎగబడి తెల్లవాటిని మూలకి తోశారు. ఇప్పుడు తెల్లముక్క కనిపిస్తే చాలు, “వైట్! వైట్!” అని కేకలు. పిల్లలు, వాళ్ళ నాన్నలు, చివరికి టీచరమ్మ కూడా. నీళ్ళు కింద ఒలికిపోతున్నాయని నేను కసురుకుంటూనే ఉన్నాను, చేతులు మాత్రం ఆపలేదు.

నా ఎదురుగా ఒక అమెరికా ముసలావిడ కూర్చుంది. ఆవిడ తండ్రి ఈ చుట్టుపక్కలే ఆవులు కాసేవాడట, మనవరాలు చెప్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ టబ్బు మురికైతే నేను నీళ్ళు మార్చేదాన్ని, నాది మురికైతే ఆవిడ మార్చేది. టబ్బులన్నీ అడుగంటే వేళకి ఆవిడ ఒక ముక్కని చీర చెంగుతో తుడిచినట్టు తన గౌను అంచుతో తుడిచి, మనవరాలి చేతిలో పెట్టింది.

రెండు ముక్కలూ పక్కపక్కన చేర్చితే వెంట్రుక దూరే సందు లేదు. చీలికకి ఇటొక చిల్లు, అటొక చిల్లు. మధ్యలో తీగ జాడ, తుప్పు గీత. హాలంతా చప్పట్లు. నేను కొట్టలేదు, చేతులు తడి. ఎవరో మహాతల్లి! పారేయమని ఇంట్లో నలుగురూ చెప్పే ఉంటారు. వినలేదు, కుట్టించుకుంది. నాకు తోడు దొరికినట్టనిపించింది.

తరువాతి శనివారం పిల్లకి జ్వరం రాలేదు. నాకు మాత్రం బట్టల బుట్ట కనపడలేదు. మాసిన బట్టలన్నీ మంచం మీద కుప్పగా ఉన్నాయి.

“బడికి పట్టుకెళ్ళింది,” అంది మా అమ్మాయి.

చీర మీద కోటు తొడుక్కుని వెళ్ళాను. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పళ్ళెం పెంకులు, పక్కనే నా బుట్ట, కుట్లు జనం వైపుకి తిప్పి ఉంది. గుర్రపు నాడా దగ్గర ఇద్దరున్నారు. మా పిల్ల ముందు వరస కట్టారు. ఇంగ్లీషులో గలగలా చెప్పేస్తోంది. నన్ను చూడగానే చెయ్యి పట్టి లాగింది.

“అమ్మమ్మా, ఎలా స్టిచ్ చేశావో వీళ్ళకి చెప్పు.”

“ముందు నువ్వు చెప్పవే, ఆ బట్టలు దేంట్లో వేసుకెళ్ళను?”

అది ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. అందరూ నవ్వారు. “అలారం మోగిన సంగతి మాత్రం చెప్పకు,” అని చెవిలో అన్నాను. మొట్టమొదట అదే చెప్పింది.

సాయంత్రం లాండ్రీకి వెళ్తుంటే బుట్ట రెండో పిడి తనే పట్టుకుంది. మెట్ల మీద పై అంతస్తు ఆంటీ ఎదురైంది. ఆవిడ అడగకుండానే కుట్లున్న వైపు ఆవిడకేసి తిప్పింది.