దిగి చూసే ఓవర్సీరు

కల్లూరు దగ్గర మా పిల్లకాలువను చూసుకునే ఓవర్సీరు, ఎవరు ఏం ఫిర్యాదు చెప్పినా "ఉండుండ్రి, దిగి చూస్త" అని ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగేవాడు. కొత్తవాళ్లు నవ్వుకునేవారు. మేం నవ్వేవాళ్లం కాదు.

మొదట్లో ఆయన గట్టు మీద నుంచే మాట్లాడేవాడు. ఓ ఏడాది, వెన్ను తీయబోతూ పొట్ట మీదున్న మా వరి నీళ్లందక ఎండుతుంటే నాన్న వెళ్లి అడిగాడు. ఆయన కాలువలో నీళ్లు కొలిచే గేజీ చూపించాడు.

"నిండుగ పోతున్నయి గద! నడుమల మీవోళ్లే మలుపుకుంటున్నరు. నాకు అబద్ధాలు చెప్పకు" అన్నాడు, పదిమందిలో. నాన్న తిరిగి ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు అమ్మ వెళ్లింది. "గేజీ చూశారుగా, మా చేను కూడా ఓసారి చూడండి బాబూ" అని వెంటబెట్టుకొచ్చింది. ఆయన నెర్రెలిచ్చిన మడిలో నడిచి చూశాడు. తిన్నగా కాలువకు పోయి గేజీ దగ్గర దిగాడు. అడుగున ఒండ్రు మేటవేసి గట్టిపడింది. కొద్దిపాటి నీళ్లే దాని మీదుగా ఎత్తుగా పారుతూ, గేజీలో నిండుగా కనబడుతున్నాయి. ఆయనే పార పట్టి ఒండ్రంతా తవ్విపోసి, కాలువలోకి నీళ్లు వదిలే తూము తలుపు ఇంకాస్త ఎత్తించాడు.

సాయంత్రం మా ఇంటికొచ్చి, "మీరు చెప్పింది నిజమే అన్నా. తప్పు నాది" అన్నాడు. నాన్న లోపలికి వెళ్లిపోయాడు. నీళ్లు అందేసరికే సగం చేను ఎండిపోయింది.

నూర్పిళ్లయ్యాక నాన్నే వెళ్లి ఆయన్ని భోజనానికి పిలుచుకొచ్చాడు. అమ్మ మారు వడ్డించబోతే ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలమ్మా, ఈ యేడు మీకే తక్కువ పండింది."

"తినండి," అన్నాడు నాన్న. "ఆ మిగిలిన సగమైనా మీవల్లే ఇంటికొచ్చింది."